పాత పుస్తకాల దుకాణము

దిల్‌సుఖ్‌నగర్ నుండి వనస్థలిపురము వైపు వచ్చే దారిలో, కోచింగ్ సెంటర్ల పెద్ద పెద్ద బోర్డుల నడుమ, ఒక చిన్న రేకు బోర్డును మేము చాలాకాలముగా చూస్తున్నాము. దాని మీద మూడే మాటలు: పాత పుస్తకాల దుకాణము. క్రిందటి విద్యాసంవత్సరములో ఒకనాడు మా తెలుగు తరగతి ముగియగానే కంప్యూటర్ శాఖ విద్యార్థి ఒకడు నోటుపుస్తకము పట్టుకొని మా వెంట వచ్చాడు. "సార్, సందిగ్ధ వ్యాకరణము అంటే ఏమిటో నిర్వచనము కంఠస్థము చేశాను. అర్థము మాత్రము కాలేదు. వ్యాకరణమనే మాట ఉన్నది గదా అని మీ దగ్గరకు వచ్చాను" అన్నాడు. మాకు ఆ బోర్డు గుర్తుకు వచ్చింది. పాతవి పుస్తకాలా, దుకాణమా అని అడిగాము.

"పుస్తకాలే సార్, అందరికీ తెలుసు" అని నవ్వాడు. మంచిది, యాభై యేండ్లుగా కొత్త పుస్తకాలు అమ్ముతున్న దుకాణము ఒకటి ఉన్నదనుకో, దానిని నీవు ఏమని పిలుస్తావు అన్నాము. అతడు కొంచెముసేపు తలవంచుకొని నిలబడి, "అదే అనాలి" అన్నాడు. నిర్వచనములోని సగము అప్పుడే అతనికి చేతికి చిక్కింది. మిగిలిన సగము చెప్పడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఎందుకంటే ముందు మేము నేర్చుకోవలసి వచ్చింది.

ఈ శాస్త్రములో ఇంగ్లీషువారు కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్ అని పిలిచే దానిని మనము సందర్భరహిత వ్యాకరణము అనవచ్చును. 1956లో నోమ్ చోమ్‌స్కీ భాషావర్ణనకు పనికివచ్చే వ్యాకరణ నమూనాలను పరీక్షిస్తూ దీనికి రూపము కల్పించాడు. పేరు చూచి జంకవలసినది లేదు. ఎడమవైపు ఒక పేరు, కుడివైపు ఆ పేరుకు బదులుగా ఉంచదగిన మాటల వరుస, ఇదే ఒక సూత్రము. ఆ పేరుకు ముందు ఏమున్నదో వెనుక ఏమున్నదో చూడకుండా ఎక్కడనైనా ఆ మార్పు చేయవచ్చును గనుక సందర్భరహితము అన్నారు. మన బోర్డుకు రెండు సూత్రాలు చాలును. విశేషణము ప్రక్కన నామము చేరితే అది నామమే. నామము ప్రక్కన నామము చేరినా అది నామమే. ఇప్పుడు "పాత"ను "పుస్తకాల"తో ముందు కలిపి, ఆ ముద్దను "దుకాణము"తో కలుపవచ్చును. లేక "పుస్తకాల దుకాణము"ను ముందు కలిపి, దానికి "పాత"ను తగిలించవచ్చును. రెండుసార్లూ వచ్చిన మాటల వరుస ఒక్కటే. కాని ఏది దేనితో ముందు కలిసిందో చూపే చెట్టు బొమ్మ గీస్తే రెండు వేరువేరు చెట్లు వస్తాయి. ఒక్క వాక్యానికైనా ఇట్లు రెండు చెట్లను అనుమతించే వ్యాకరణమే సందిగ్ధ వ్యాకరణము.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటున్నది. కర్తను ముందు విప్పినా క్రియను ముందు విప్పినా రెండు దారులు కనబడుతాయి. అంతమాత్రాన సందిగ్ధత అనుకుంటారు. అది కాదు. విప్పిన క్రమము వేరు, వచ్చిన చెట్టు ఒక్కటే. అందుకే పాఠ్యగ్రంథాలలో ఎల్లప్పుడు ఎడమ చివరనున్న పేరునే ముందు విప్పవలెనని నియమము పెట్టి, ఆ నియమము క్రింద కూడా రెండు దారులు మిగిలితేనే సందిగ్ధత అంటారు. మా విద్యార్థి కంఠస్థము చేసినది ఈ వాక్యమునే. అందులో చెట్టు అన్న మాట లేకపోవడము వలన అతనికి అది మంత్రము వలె తోచింది.

బోర్డుకు ఒక మాట చేర్చి చూడండి: పాత పుస్తకాల దుకాణము యజమాని. జంటజంటలుగా కలుపుతూ పోతే నాలుగు మాటలకు చెట్లు ఐదు. ఐదు మాటలకు పదునాలుగు, ఆరింటికి నలుబదిరెండు, పదింటికి 4,862. గణితములో వీటిని కాటలన్ సంఖ్యలంటారు. 1982లో కెన్నెత్ చర్చ్, రమేశ్ పాటిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు వాక్యాలలో ఈ సంఖ్యలే ఎదురవుతున్నాయని చూపారు. మనము మాత్రము అన్ని చెట్లనూ మనసులో గీయము. యజమాని ముసలివాడా, దుకాణము పాతదా, పుస్తకాలు పాతవా అని మూడు ఊహలు చేసి ఊరుకుంటాము. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. సూత్రము ఒప్పుకున్న ప్రతి చెట్టూ దానికి చెట్టే.

ఇది మనకు కొత్త విద్య కాదు. సమాసాన్ని చూడగానే విగ్రహవాక్యము చెప్పమని తెలుగు పంతులు ఎందుకు అడుగుతాడు? "పీతాంబర" అన్నప్పుడు పచ్చని వస్త్రమని చెప్పితే కర్మధారయము. పచ్చని వస్త్రము గలవాడని చెప్పితే బహువ్రీహి, అప్పుడది విష్ణువు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణములో సమాసానికి ఒక పరిచ్ఛేదమే ఉన్నది. సమాసములో దాగిన నిర్మాణాన్ని విగ్రహవాక్యము బయటపెడుతుంది. అక్షరాలలో కనిపించని కూర్పును కాగితము మీదికి తెచ్చే ఆ పనినే కంప్యూటర్ విద్యార్థి చెట్టు గీచి చేస్తున్నాడు. ఈ మాట మన తరగతులలో ఎవరూ చెప్పడము లేదు. తెలుగు పీరియడు మార్కుల కొరకు మాత్రమే అనే అభిప్రాయము విద్యార్థులలో బలపడుతున్నదంటే అందులో మా తప్పు కూడా ఉన్నది.

వృత్రాసురుని కథ ఇక్కడికి చక్కగా సరిపోతుంది. తన కుమారుని చంపిన ఇంద్రుని మీద పగతో త్వష్ట యజ్ఞము చేసి, ఇంద్రుని చంపగల శత్రువు వర్ధిల్లుగాక అని కోరబోయాడు. "ఇంద్రశత్రు" అన్న సమాసములో స్వరము ఒకచోట పలుకవలసినది మరొకచోట పలికింది. తత్పురుషము కావలసినది బహువ్రీహి అయినది. ఇంద్రుడే శత్రువుగా, అనగా సంహర్తగా, గలవాడు అన్న అర్థము వచ్చి వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడైనాడు. వ్యాకరణము ఎందుకు చదవాలి అన్న ప్రశ్నకు సమాధానముగా పతంజలి మహాభాష్యపు ఆరంభములోనే దీనిని ప్రస్తావించాడు. అక్షరాలు రెండింటికీ అవే. తేడా అంతా స్వరములో ఉన్నది. వ్రాతలో స్వరము పోయింది.

ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పుట్టి తెలుగు బడిలో చదివిన మా వంటివారికి దీనికి జోడు ఒకటి చిన్ననాటి నుండి తెలుసు. "రోకో మత్ జానే దో." "రోకో" దగ్గర ఆగితే, పట్టుకోండి, పోనీయకండి అని. "మత్" దగ్గర ఆగితే, ఆపకండి, పోనీయండి అని. మనిషి ఉంటాడా పోతాడా అన్నది ఒక్క క్షణము విరామము మీద నిలిచి ఉన్నది. సందర్భరహిత వ్యాకరణానికి అందేది మాటల వరుస ఒక్కటే. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో దానికి తెలియదు. మన ఉర్దూ విభాగము మిత్రులు చెప్పవలసిన పాఠము ఇందులో సగము ఉన్నదని మా నమ్మకము.

అయితే శబ్దానికి రెండర్థాలుండడము వేరు, నిర్మాణానికి రెండు చెట్లుండడము వేరు. "కరము" అంటే చేయి, కిరణము, పన్ను. ఇందులో వ్యాకరణపు పాపమేమీ లేదు. ఇది నిఘంటువు సంగతి. ఆలంకారికులు ఈ భేదాన్ని చాలామటుకు గుర్తించారు. పదాన్ని విరువకుండానే రెండర్థాలు వస్తే అభంగశ్లేష, వేరువేరుగా విరిస్తే వస్తే సభంగశ్లేష. పదహారవ శతాబ్దములో పింగళి సూరన రాఘవపాండవీయములో రామాయణ భారత కథలను ఒకే పద్యాలలో నడిపించినప్పుడు ఈ రెండు ఉపాయాలూ వాడుకున్నాడు. సభంగశ్లేష సందిగ్ధ వ్యాకరణానికి దగ్గరి చుట్టము. అభంగశ్లేష దూరపు చుట్టము. ఒకరు కోరి తెచ్చుకున్న సందిగ్ధత కావ్యమవుతుంది. కోరకుండా వచ్చినది ఏమవుతుందో చెప్పడానికే ఈ వ్యాసము మొదలుపెట్టాము.

కొన్నేండ్ల క్రిందట మేము పనిచేసిన ఒక విద్యాసంస్థలో పరీక్ష రుసుమును గురించి ఒక ప్రకటన వెలువడింది. "పేద విద్యార్థులకు, విద్యార్థినులకు రుసుములో సగము మినహాయింపు కలదు." ఆదాయ ధ్రువపత్రము జతపరచవలెనని క్రింద ఉన్నది. ఉర్దూలో కూడా "గరీబ్ తలబా ఔర్ తాలిబాత్" అనే ఉన్నది. "పేద" అన్నది ఇద్దరికీ వర్తించుననే ఉద్దేశము. కాని ఒక విద్యార్థిని దానిని మరొక విధముగా చదివింది. మగపిల్లలలో పేదవారికి, ఆడపిల్లలందరికీ మినహాయింపు ఉన్నదనుకున్నది. ఆడపిల్లల చదువును ప్రోత్సహించే రోజులు గనుక అట్లు అనుకోవడములో వింత లేదు. ధ్రువపత్రము తనకు అక్కరలేదని తలచి సగము రుసుముతో చివరి దినము వచ్చింది. పత్రము లేనిదే కుదరదన్నారు. ఆమె తండ్రి ఆటో నడిపేవాడు. మినహాయింపుకు ఆమెకు అన్ని విధాల అర్హత ఉన్నది. పత్రము తెచ్చుకొనడానికి గడువు లేదు, మిగిలిన సగము చేతిలో లేదు. ఆ విడత పరీక్ష ఆమె వ్రాయలేదు.

గుమాస్తాను నిందించి లాభము లేదు. ఆ ప్రకటన తెలుగు ప్రతిని వ్రాసినది మేమే. తెలుగు యం.ఏ. పట్టా ఉన్నది గదా అని మాకు అప్పగించారు. వ్రాసినప్పుడు మా మనసులో ఒకే చెట్టు ఉన్నది. రెండవది ఉండవచ్చునన్న అనుమానమే కలుగలేదు. "విద్యార్థులలోను విద్యార్థినులలోను పేదలైనవారికి" అని వ్రాసి ఉంటే ఆ సంగతే రాకపోవును. సందిగ్ధత వ్రాసినవానికి కనబడదు, చదివినవానికీ కనబడదు. ఇద్దరికీ చెరియొక చెట్టు స్పష్టముగానే కనబడుతుంది. అదే దానిలోని ప్రమాదము.

మా విద్యార్థి ప్రశ్న అడిగిననాడు మాకు ముందుగా ఈ అమ్మాయి గుర్తుకు వచ్చింది. అందుకే మేము ఆ పుస్తకాలు తిరగవేశాము.

ప్రోగ్రాము భాషలను నిర్మించినవారికి ఈ కష్టము మొదటినుండీ తెలుసు. 1960లో వెలువడిన ఆల్గోల్ 60 నివేదికలో జాన్ బాకస్, పీటర్ నౌర్‌ల పేరిట నేడు ప్రసిద్ధమైన సూత్రలేఖన పద్ధతిని వాడారు. అది సందర్భరహిత వ్యాకరణమే. కూడికను కూడికతోను గుణకారముతోను ఇష్టము వచ్చినట్లు కలుపవచ్చునని సూత్రము వ్రాస్తే, రెండుకు మూడు కూడి నాలుగుతో గుణించమన్న వరుసకు 14 కూడా సమాధానమే, 20 కూడా సమాధానమే. పదిలో నుండి నాలుగు, మూడు వరుసగా తీసివేయమంటే 3 రావచ్చును, 9 కూడా రావచ్చును. దీనికి మందు సులభము. మొత్తము అంటే పదాల కూడిక, పదము అంటే గుణకారాల కూర్పు అని అంతస్తులు ఏర్పరచి వ్యాకరణాన్ని తిరిగి వ్రాస్తే అవే వాక్యాలు వస్తాయి, ఒక్కొక్కదానికి ఒక్క చెట్టే ఉంటుంది. తప్పు లెక్కలది కాదు, మనము వ్రాసిన మొదటి వ్యాకరణానిది.

మరొక ప్రసిద్ధమైన చిక్కు ఇట్లుంటుంది. "వాన లేకపోతే, బస్సు దొరికితే, కళాశాలకు రండి; కాకుంటే ఫోను చేయండి." వాన కురిసిన దినము ఫోను చేయాలా? "కాకుంటే" అన్నది వానకు జవాబైతే చేయాలి. బస్సుకు జవాబైతే వాన దినానికి ఏ ఆజ్ఞా లేదు. సి భాషలో దీనిని ఒక మాటతో తెంచారు: దగ్గరగా ఉన్న షరతుకే అది చెందును. మనుషుల మధ్య అటువంటి ఒప్పందము లేదు. సర్కారు ఉత్తర్వులు చదివే ప్రతివారూ ఈ బాధ పడ్డవారే.

సందిగ్ధతను కనిపెట్టే యంత్రము ఒకటి చేసి ప్రతి వ్యాకరణాన్నీ దానిలో వేసి చూడవచ్చును గదా అని మా విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. సాధ్యము కాదని 1962లోనే డేవిడ్ కాంటర్, రాబర్ట్ ఫ్లాయిడ్ వేరువేరుగా చూపారు. ఏ సందర్భరహిత వ్యాకరణము ఇచ్చినా అవునో కాదో తప్పక తేల్చే పద్ధతి ఉండజాలదు. ఒక వాక్యానికి రెండు చెట్లు గీచి చూపితే సందిగ్ధమని రుజువవుతుంది. ఎంత వెదకినా దొరకలేదంటే మాత్రము ఏమీ రుజువు కాదు. అంతకు ఒక సంవత్సరము ముందే రోహిత్ పరీఖ్ అనే భారతీయ గణితవేత్త మరింత విచిత్రమైనది చూపాడు. కొన్ని భాషలకు ఎట్టి వ్యాకరణము వ్రాసినా సందిగ్ధత వదలదు. అటువంటి భాషకు సులభమైన ఉదాహరణ ఇది. మూడు రకాల పూసలను రకము వెంట రకముగా గ్రుచ్చుతూ, మొదటి రెండు రకాలు సమానముగా ఉన్నా సరే, చివరి రెండు సమానముగా ఉన్నా సరే అని నియమము పెట్టండి. మూడూ సమానమైన దండ రెండు కారణాలతోనూ ఒప్పుదండయే. ఆ రెండు కారణాలు రెండు చెట్లుగా ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. అట్లు తప్పదని నిరూపించడము కష్టము. సంగతి అర్థము చేసుకోవడము కష్టము కాదు.

ఈ సందర్భములో పాణిని పేరు రాకుండా ఉండదు. 1967లో పీటర్ ఇంగర్‌మన్ అనే ఆయన ఒక కంప్యూటర్ పత్రికకు లేఖ వ్రాసి, బాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చవలెనని సూచించాడు. మాకు సంతోషమే. కాని వార్షికోత్సవ సభలలో కొందరు వక్తలు కంప్యూటరు అంతా అష్టాధ్యాయిలోనే ఉన్నదని చెప్పినప్పుడు మేము తలవంచుకొని కూర్చుంటాము. పాణిని సూత్రాలు ఎన్నో ముందు ఏమున్నది, వెనుక ఏమున్నది అని చూచిగాని పనిచేయవు. అనగా అవి సందర్భరహితములు కానే కావు. సంధి అంతా సందర్భమే గదా! ఆయన గొప్పతనము ఇంకొకరి కొలతతో కొలవనక్కరలేదు.

పైగా మన భాషలకు ఈ పద్ధతి పూర్తిగా అతకదు. రాముడు రావణుని చంపెను, రావణుని రాముడు చంపెను, రెండూ ఒకటే. ఎవరు ఎవరిని అన్నది స్థానము చెప్పదు, విభక్తి చెబుతుంది. అందుకే తరువాతి కాలములో హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో పనిచేసిన వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలైనవారు అక్షర భారతి పేరుతో పాణిని కారక దృష్టిని ఆధారము చేసుకొని 1995లో గ్రంథము ప్రకటించారు. అయినా సందిగ్ధత పోదు. "అతడు నవ్వుతూ వస్తున్న మిత్రుని పలకరించాడు." నవ్వినదెవరు? విభక్తులన్నీ సరిగానే ఉన్నవి.

నేటి యంత్రాలు లెక్కలేనన్ని వాక్యాలు చూచి, ఏ అర్థము ఎక్కువ సంభవమో దానివైపు మొగ్గుతాయి. పుస్తకాల బోర్డు దగ్గర ఆ ఊహ చాలావరకు ఫలిస్తుంది. పాతవి పుస్తకాలే అంటాయి. పరీక్ష రుసుము ప్రకటన దగ్గర ఎక్కువమంది ఎట్లు చదువుతారన్నది ప్రశ్న కాదు. మరొక విధముగా చదివిన ఒక్కరి సంవత్సరము పోయింది.

ప్రోగ్రాము భాషకు వ్యాకరణము వ్రాసేవాడు రెండవ చెట్టును నరికివేయాలి. మానవ భాషకు వ్యాకరణము వ్రాసేవాడు నరికితే అబద్ధమవుతుంది. ఆ బోర్డుకు నిజముగానే రెండర్థాలున్నవి గనుక రెండు చెట్లూ చూపని వ్యాకరణము లోపము గలది. ఈ రెండు పనులు వేరని తెలియక మన విద్యార్థులు సందిగ్ధత అనగానే దోషమని పరీక్షలో వ్రాస్తున్నారు. తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివి వచ్చినవారు, ఇది ఇంగ్లీషువారి విద్య, మనకు అందదు అని ముందే ఓడిపోతున్నారు. మలక్‌పేట, సైదాబాదుల నుండి రెండు బస్సులు మారి వచ్చే పిల్లవాడు "రోకో మత్ జానే దో" తెలిసి కూడా ఓడిపోతున్నాడంటే మాకు కోపము వస్తుంది.

కళాశాల కమిటీవారికి మా మనవి రెండు మాటలలో చెబుతాము. కంప్యూటర్ శాఖవారు ఈ పాఠము ప్రారంభించే ముందు తెలుగు, ఉర్దూ అధ్యాపకులకు చెరి నాలుగు తరగతులు ఆ విద్యార్థులతో ఇప్పించండి. సమాసాలు, విరామాలు, బోర్డులు, వార్తల శీర్షికలు నల్లబల్ల మీద పెట్టి చెట్లు గీయిస్తాము. సూత్రలేఖనము, ప్రోగ్రాము సంగతులు ఆ శాఖవారే చెబుతారు. దీనికి డబ్బు అక్కరలేదు, కాలక్రమపట్టికలో కొంచెము సర్దుబాటు చాలును.

రెండవది, రుసుములు, గడువులు, ఉపకార వేతనాలకు సంబంధించిన ప్రకటన ఏదైనా అతికించే ముందు తెలుగు ప్రతిని ఇద్దరు విద్యార్థులకు, ఉర్దూ ప్రతిని మరి ఇద్దరికి ఇచ్చి, ఎవరికివారు విడిగా తమకు అర్థమైనది వ్రాసి ఇమ్మనండి. ఇద్దరూ ఒకటే వ్రాస్తే అతికించవచ్చును. వేరుగా వ్రాస్తే ఆ ప్రతిని మాకు పంపండి, తిరిగి వ్రాసి ఇస్తాము. రాబోయే పరీక్ష రుసుము ప్రకటనతోనే దీనిని మొదలుపెట్టవలెనని కోరుతున్నాము.